చట్రములో విఱిగిన బోల్టును తీయు విధము

ఉద్దానపు గాలిలో ఇనుము పెక్కుకాలము నిలువదను సంగతి మన సభ్యులకు మేము చెప్పవలసిన పని లేదు. సముద్రముమీదినుండి వచ్చు గాలి ఉప్పుతేమను మోసికొని వచ్చి, ఇంటి కిటికీ చువ్వలు మొదలు బావి గిలక ఇరుసువఱకు దేనిని విడువక పట్టుకొనును. సోంపేట, కవిటి, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతములలో కొబ్బరి జీడి తోటలలోనికి తిరుగు ట్రాక్టరు తొట్టినొకదానిని, పాతపట్నము వైపు తిరుగు అదే యీడు తొట్టిని ప్రక్కప్రక్కన నిలిపి, క్రింద దూఱి చూచినవారికి భేదము వెంటనే తెలియును. నౌపడ ఉప్పుమళ్ళనుండి ఉప్పు మోయు బండ్లమాట వేఱుగ చెప్పనేల? ఇట్టి బండ్లకు మరమ్మతు చేయబూనినపుడు మొదట ఎదురగు చిక్కు విఱిగిన బోల్టే. కమానుకట్టను చట్రమునకు పట్టించు బ్రాకెట్టు బోల్టుగాని, తొట్టిని ట్రాక్టరునకు తగిలించు కొక్కెపు బోల్టుగాని, పానా పట్టి త్రిప్పగానే తల ఊడి చేతికి వచ్చును. మొండెము చట్రములోనే యుండిపోవును. దానిని వెలికి తీయు విధమును ఈ సంచికలో కొంత వివరముగ వ్రాయుచున్నాము.

ఇది చిన్న సంగతియని తలపరాదు. జీడిపిక్కలు రాలునది వేసవియందు. ఆ కొలది వారములలో తొట్టి నిలిచిపోయినచో తోటలోని సరకు పలాస, కాశీబుగ్గ వ్యాపారులయొద్దకు చేరుట ఆలస్యమగును. 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరము దాటి తోటలను నేలగూల్చినది. అట్టి యాపత్కాలమున తొట్టి కదలకున్నచో కలుగు నష్టము ఇంకను పెద్దది. అందుచే తొందర పుట్టును. తొందరలో రెండు తప్పుదారులు తోచును.

మొదటిది, “నాలుగు బోల్టులలో ఒకటి పోయిన నేమి, మూడున్నవి గదా” యని బండి నడుపుట. మిగిలిన మూడును ఆ బరువును సమముగ పంచుకొనునని యనుకొనుట పొరపాటు. ఒక బోల్టు లేనిచోట బ్రాకెట్టు వెండ్రుకవాసి కదలుట కారంభించును. అట్లు కదలుటచే ప్రక్క బోల్టు ప్రతి గతుకునకు ముందు వెనుకలకు వంగును. ఎంత గట్టి ఇనుప తీగయైనను పలుమార్లు ఇటునటు వంచిన విఱుగునుగదా. బోల్టును అట్లే విఱుగును. బరువు మీద కూలివారిని ఎక్కించుకొని వచ్చుట చట్టమునకు విరుద్ధమైనను మన గ్రామములలో ఇంకను మానలేదు. కమాను జాఱి, ఇరుసు వంకరపడి, తొట్టి పంటకాలువలో బోర్లపడినచో ఎవరి బిడ్డకు ఏమగునో ముందు తలచుకొని పిమ్మట బండి కదలింపవలెను.

రెండవది, గ్యాసు కట్టరుతో ఆ చోటును కాల్చి తూటు పొడిచి, బ్రాకెట్టును చట్రమునకు నేరుగా వెల్డింగు చేయించుట. ఇది గంటలో ముగియును గనుక అనేకులకు ఇష్టము. కాని వెల్డింగు ప్రక్కనున్న ఇనుము కాగి చల్లారినపుడు గుణము మాఱి పెళుసగును; కొంతకాలమునకు పగులు ఆ వెల్డింగులో గాక దాని యంచున బయలుదేఱును. పైగా మఱల కమానుకట్ట మార్చవలసి వచ్చిననాడు చట్రమునే కోయవలయును. పెద్ద లారీలలో కొన్నిటి చట్రము ప్రత్యేకముగ కాచి గట్టిపఱచిన ఉక్కుతో చేయబడును. అట్టి దానిపై కాల్చుట, వెల్డింగు చేయుట, క్రొత్త తూట్లు పొడుచుట కూడదని తయారుచేసినవారే హెచ్చరించుచుందురు. కావున ఈ రెండు దారులను విడిచి, మొండెమును ఓర్పుతో తీయుటయే మేలు.

తీయుటకు ముందు అది ఏల పట్టుకొన్నదో తెలిసికొనవలెను. ఇనుము తుప్పుపట్టినపుడు తఱిగిపోవునని మన కన్నులకు తోచును. నిజమునకు ఆ తుప్పు, తాను తినివేసిన ఇనుముకంటె రెండు మొదలు ఆఱు రెట్ల చోటు నాక్రమించును. బయట నున్న తుప్పు పొరలై రాలిపోవును. బోల్టునకును తూటునకును నడుమ, మరచుట్ల సందులో పుట్టిన తుప్పునకు రాలుటకు తావు లేదు. అది ఉబ్బి నలువైపుల నొత్తి, చీల కొట్టినట్లు బిగిసికొనును. అట్టి బోల్టును బలముకొలది త్రిప్పినచో మరలు వదలవు, బోల్టు మెడ తెగును. మనిషి బలము పెరిగినకొలది తెగుట నిశ్చయమగునుగాని వదలుట నిశ్చయము కాదు. టెక్కలి రాతిగనులలో పని చేసినవారికి ఈ న్యాయము తెలియును: రాతిలో వరుసగ తూట్లు పొడిచి, చీలలు దిగవేసి, ఒక్కొక్క చీలపై కొంచెము కొంచెముగ దెబ్బవేసికొనుచు పోవుదురుగాని, ఒక్క చీలనే పట్టుకొని సమ్మెటతో బాదరు.

బోల్టు తల ఇంకను ఊడకున్నయెడల మన పని సగము సులువు. మొదట తీగ బ్రష్షుతో తుప్పును, మట్టిని, పాత రంగును తోమి శుభ్రము చేయవలెను. ఈ సందర్భమున చాలమంది గమనింపని విషయమొకటి కలదు. బోల్టు తూటుగుండ పోయి చట్రమునకు అవతలివైపు అంగుళమో అరంగుళమో తోకవలె పొడుచుకొని యుండును. ఆ తోకమీది మరచుట్లు గాలికి తుప్పుపట్టి లావెక్కి యుండును. బోల్టును వెనుకకు త్రిప్పినపుడు ఆ లావైన తోక సన్నని తూటులోనికి రావలసియుండును. అది రాలేక మధ్యలో బిగియును. “రెండు చుట్లు బాగుగనే వచ్చినది, పిమ్మట పుటుక్కున విఱిగినది” యని చెప్పువారి బోల్టులు తఱచు ఇట్లు విఱిగినవే. కావున తల దగ్గఱ కన్న ముందు తోక దగ్గఱ తోమవలెను, అక్కడనే నూనె ఎక్కువగ పోయవలెను. చట్రము పెట్టెవలె నాలుగువైపుల మూసియున్నచో తోక లోపల చిక్కియుండును; అప్పుడు చట్రములో సమీపమున నున్న ఏ తూటుగుండనైనను సన్నని గొట్టముతో నూనెను లోపలికి పంపవలెను.

నూనె యనగా ఏది? ఇంజనునూనె చిక్కనిది, సందులలోనికి దిగదు. గ్రీజు అసలే పనికిరాదు. కిరసనాయిలు, డీజిలు పలుచనివగుటచే కొంత దిగును. పట్టణములలో దొరకు డబ్బానూనెలు అంతకంటె మంచివి. వానిలో పేరుపొందిన డబ్ల్యుడి-40 అనునది 1953లో అమెరికాలోని శాన్‌డియాగో నగరమున, అట్లాస్ క్షిపణి పైరేకు తుప్పుపట్టకుండ నీటిని తొలగించుటకై కనిపెట్టబడినది. నలువదవ ప్రయత్నమున కుదిరినది గనుక ఆ యంకె పేరులో నిలిచినది. నీటిని తొలగించుటయే దాని మొదటి పని గావున, ఘోరముగ పట్టిన బోల్టునకు ప్రత్యేకించి తుప్పు వదలించుటకై చేసిన నూనె దొరకినచో దానినే వాడుట మేలు. మరమ్మతువారు కొందఱు పవరు స్టీరింగులో వాడు పలుచని ఏటీఎఫ్ నూనెను, ఎసిటోనును సమపాళ్ళ కలిపి వాడుదురు. అది బాగుగనే దిగునుగాని క్షణములో అంటుకొను స్వభావము కలది. దానిని వాడినచోట ఆ దినమున నిప్పు చూపరాదు.

ఏ నూనెయైనను వేసిన వెంటనే పానా పట్టుట వ్యర్థము. రాత్రి వేసి, ఉదయము వేసి, మఱల సాయంకాలము వేసి, వేసినప్పుడెల్ల బోల్టు తలమీద సుత్తితో పది పండ్రెండు నిలువు దెబ్బలు కొట్టవలెను. ఆ యదురునకు తుప్పు సన్నగ చిట్లును, ఆ చీలికలగుండ నూనె దిగును. ఇట్లు రెండు మూడు దినములు చేయవలెను. బండి నడుపుకొనుచునే ముందుగ ఈ పని మొదలుపెట్టినచో దినము పోదు. మరమ్మతు శనివారమని తలచినవారు బుధవారమే నూనె పట్టింపవలెను.

త్రిప్పునపుడు ఆఱు మూలల రింగు పానాను వాడవలెను. పండ్రెండు మూలలది, నోరు తెఱచిన పానా, జాఱుడు పానా ఇవన్నియు తుప్పుపట్టిన తల మూలలను కొఱికి గుండ్రము చేయును. మొదట వదలించు వైపు గాక బిగించు వైపునకు కొద్దిగ త్రిప్పవలెను. తుప్పు పట్టు విడుటకు ఏ వైపు కదలినను ఒకటియే. కొంచెము కదలినపిమ్మట వెనుకకు పావుచుట్టు, ముందునకు అఱచుట్టు, నడుమ నడుమ నూనె. పానాకు పొడుగు గొట్టము తగిలించుట మాకు ఇష్టము లేదు. బోల్టు మెత్తగ సాగుచున్నట్లు, కదలికయున్నను పట్టు తగ్గనట్లు చేతికి తెలిసినయెడల, అది వదలుట కాదు, మెడ మెలిపడుట. అక్కడనే ఆపవలెను.

ఇంత చేసినను కదలనిచో వేడి చేయవలెను. వేడి చేయవలసినది బోల్టును కాదు, దాని చుట్టునున్న నట్టును లేక చట్రమును. 12 మిల్లీమీటర్ల తూటు చుట్టునున్న ఉక్కు 200 డిగ్రీలు వేడెక్కినచో ఆ తూటు సుమారు 0.03 మిల్లీమీటరు విస్తరించును. వెండ్రుక మందముకంటె తక్కువయైన ఈ యెడమే తుప్పు పట్టును తెంచును. ఎఱ్ఱగ కాల్చనవసరము లేదు. వేడిగ నుండగా తేనెమైనపు ముక్కనో క్రొవ్వొత్తినో మరల యంచునకు ఆనించినయెడల అది కరగి సందులోనికి లాగుకొనబడును. చల్లారుచుండగా నెమ్మదిగ త్రిప్పవలెను. పాత కమ్మరులు ఎఱిగిన ఉపాయమిది, ఖర్చు లేనిది.

నిప్పు పని మన ప్రాంతమున రెండింతలు జాగ్రత్తతో చేయవలెను. జీడిపిక్కల తొక్కలో నూనె యుండును. ఆ తొక్కలు పొయ్యిలోనికి పనికివచ్చునవే గనుక నిప్పురవ్వ పడినచో ఆర్పుట కష్టము. కొబ్బరిపీచు సంగతి అందఱికి తెలిసినదే. తొక్కల కుప్ప, పీచు కుప్ప, ఎండుటాకుల కళ్ళము దగ్గఱ బండిని నిలిపి వెల్డింగు చేయింపరాదు. డీజిలు తొట్టి, హైడ్రాలిక్ గొట్టములు, బ్రేకు గొట్టములు, రబ్బరు బుషులు, తీగలు ఎచ్చటనున్నవో ముందు చూచుకొనవలెను. వెల్డింగునకు ముందు బ్యాటరీ తీగ విప్పవలెను. వీనియన్నిటికంటె ముఖ్యమైనది టైరు. గాలి నిండిన టైరు గల చక్రపు పట్టాను వేడిచేసినచో, వెల్డింగు చేసినచో, లోపలి రబ్బరు కాగి పుట్టిన ఆవిరులు బాంబువలె ప్రేలును. ఇట్టి ప్రేలుడులచే మనుష్యులు మరణించిన ఉదంతములు అనేక దేశములలో కలవు. చక్రమునకు సంబంధించిన పనియైనచో చక్రము విప్పి దూరముగ నుంచవలెను. జాకీ ఒకదానిని నమ్మి తొట్టిక్రింద పండుకొనుట గూడ ప్రాణములతోడి చెలగాటమే. ఇరుసుక్రింద గట్టి దుంగలు పేర్చి, నిలిచిన చక్రములకు ముందు వెనుక రాళ్ళు పెట్టి పిమ్మట దూఱవలెను.

ఇక బోల్టు విఱిగినదే యనుకొందము. మొండెము పైకి కొంచెము పొడుచుకొని యున్నదా, చట్రముతో సమముగనున్నదా, లోపలికి దిగియున్నదా యని చూడవలెను. పైకి అరంగుళము మిగిలియున్నచో రెండు వైపుల ఆకురాయితో చదునుచేసి పానా పట్టవచ్చును. అంతకంటె తక్కువయైనచో, సమముగ నున్నను, మా యనుభవమున అన్నిటికంటె నమ్మదగినది నట్టు వెల్డింగు పద్ధతి. మొండెముకంటె కొంచెము పెద్ద నట్టును దానిమీద నిలిపి, నట్టు తూటులోనుండి వెల్డింగు కడ్డీని దింపి, నట్టును మొండెమును ఒకటిగ కలుపవలెను. సమముగ నున్న మొండెమునకు ముందు ఒక వాషరును, పిమ్మట దానిపై నట్టును కలిపినచో చట్రమునకు అంటుకొను భయము తగ్గును. ఇందు రెండు లాభములు గలవు. పానాకు క్రొత్త తల దొరకును. అంతకంటె ముఖ్యముగ, వెల్డింగు వేడి బోల్టు నడుమకు పోయి దానిని ఉబ్బించును. చుట్టునున్న చల్లని చట్రము దానిని సాగనీయక నొక్కును. చల్లారినపుడు బోల్టు ఆ నొక్కుడునకు కొంచెము కుదించుకొని, తుప్పు పట్టు విడుచును. కాన వెల్డింగు ఎఱుపు పోయి చేయి దగ్గఱపెట్టగల వేడికి వచ్చువఱకు ఆగి, అప్పుడు ముందునకు వెనుకకు కొంచెము కొంచెము కదలింపవలెను. మొదటి నట్టు ఊడివచ్చినను నిరాశపడరాదు. రెండవదో మూడవదో పట్టుకొనును. ప్రతిసారి తగిలిన వేడియు పని చేయుచునే యుండును.

మొండెము తోక అవతలివైపు కనబడుచున్నచో మఱియొక దారి కలదు. దానిని వెనుకకు లాగుటకు మాఱుగ ముందునకే త్రిప్పి, అవతలివైపునుండి తీసివేయుట. తుప్పుపట్టిన తోక తూటులోనికి రానక్కఱలేదు గనుక ఇది పలుమార్లు సులువుగ నుండును. దిక్కు విషయమున మాత్రము తికమకపడరాదు: తలవైపునుండి చూచినపుడు గడియారపు ముల్లు తిరుగు దిక్కు, తోకవైపునుండి చూచువానికి ఎదురుదిక్కగును. వెల్లకిల పండుకొని పని చేయువాడు ముందు సుద్దతో చట్రముమీద బాణపు గుర్తు వేసికొనుట మంచిది.

వెల్డింగు వీలుపడనిచో డ్రిల్లు చేయవలెను. ఇది ఓర్పు వలసిన పని. విఱిగిన ముఖమును ఆకురాయితో చదునుచేసి, సరిగ నడిమధ్యను సెంటరు పంచితో గుర్తు పొడువవలెను. ఆ గుర్తు ఒక మిల్లీమీటరు ప్రక్కకు పోయినచో తరువాతి పనియంతయు ప్రక్కకు పోవును. అందుచే గుర్తు పెట్టుటకు పావుగంట పట్టినను పట్టనిండు. మొదట 3 మిల్లీమీటర్ల డ్రిల్లుతో నిట్టనిలువుగ తూటు వేసి, పిమ్మట క్రమముగ పెంచవలెను. డ్రిల్లును వేగముగ త్రిప్పినచో అది కాగి మొన పోవును. గట్టి బోల్టులో 8 మిల్లీమీటర్ల డ్రిల్లును నిమిషమునకు 600 చుట్లకు మించనీయక, నూనె చుక్కలు వేయుచు, గట్టిగ నొక్కి నడుపవలెను. కంటికి అద్దములు లేనివాడు డ్రిల్లు ముట్టరాదు. ఎడమచుట్టు డ్రిల్లు దొరకినచో దానినే వాడవలెను. అది కోయుచునే బోల్టును వదలు దిక్కునకు లాగును. తూటు నడుమకు పోవుచుండగనే మొండెము దానంతట తిరిగి బయటికి వచ్చుట కద్దు.

ఇక్కడ ఎక్స్‌ట్రాక్టరును గూర్చి ఒక మాట. ఎడమచుట్టు మరగల ఈ గట్టి ఉక్కుమొలను డ్రిల్లు వేసిన తూటులో దిగగొట్టి త్రిప్పినచో బోల్టు వచ్చునని చెప్పి అమ్ముదురు. దీనికి ఈజీ-అవుటు అను ముద్దుపేరు కలదుగాని ఆ సులువు పేరులోనే యున్నది. తల ఉన్నప్పుడు పెద్ద పానాకు లొంగని బోల్టు, దానిలో సగము లావైనను లేని ఈ మొలకు ఎట్లు లొంగును? తుప్పుచే పట్టుకొనక, కేవలము అధిక బరువుచే తెగిన బోల్టునకు ఇది చక్కగ పనికివచ్చును. తుప్పు పట్టినదానిలో బలము పెట్టినచో ఎక్స్‌ట్రాక్టరు లోపలనే విఱుగును. దాని ఉక్కు మన డ్రిల్లులంత గట్టిది. సాధారణపు డ్రిల్లు దానిని కోయలేదు. అప్పుడు కార్బైడు డ్రిల్లుతో మెల్లగ పగులగొట్టుటయో, పట్టణమున విద్యుత్ రవ్వలతో లోహమును కరగించు యంత్రముగలవారిని వెదకుటయో తప్ప గతి లేదు. ఆ యంత్రము బండియొద్దకు రాదు. చట్రము దానియొద్దకు పోవలెను. ఒక మరమ్మతుశాలలో ఇట్లు విఱిగిన మొల మూలమున, గంటలో ముగియవలసిన పని వారము పట్టుట మేము చూచియున్నాము. కావున ఎక్స్‌ట్రాక్టరును వ్రేళ్ళబలముకంటె కొంచెము ఎక్కువ బలముతో మాత్రమే త్రిప్పి, రాకున్నచో తీసి ప్రక్కనపెట్టి, డ్రిల్లునే పెద్దది చేయవలెను.

ఎంత పెద్దది? 8 మిల్లీమీటర్ల బోల్టునకు 6.8, 10 మిల్లీమీటర్ల దానికి 8.5, 12 మిల్లీమీటర్ల దానికి 10.2 మిల్లీమీటర్ల డ్రిల్లు మరచుట్ల మొదలువఱకు వచ్చును. నడిమధ్యనే డ్రిల్లు పోయినచో బోల్టులో మిగులునది తీగచుట్టవంటి మరమాత్రమే. సన్నని ఉలితో ఒక కొన లేపి పట్టకారుతో లాగినచో ఊడివచ్చును. పిమ్మట అదే కొలత ట్యాపును నూనెతో అఱచుట్టు ముందునకు, పావుచుట్టు వెనుకకు నడిపి మరలను శుభ్రము చేయవలెను. తూటు చెడినచో ఉక్కుతీగ చుట్టతో క్రొత్త మర అమర్చవచ్చును. అవతలివైపు చేయి పట్టు తావున్నచో మరతోనే పని లేదు: తూటును సాఫుచేసి, తగిన బోల్టును గుండ పోనిచ్చి, వెనుక మందపు వాషరును, నట్టును బిగింపవచ్చును. మూసిన చట్రములోపల వెల్డింగుతో అతికించిన నట్టు ఊడి బోల్టుతోపాటు గిరగిర తిరుగుచున్నచో, చట్రపు ప్రక్కగోడలో, పై క్రింది యంచులను ముట్టక, చిన్న కిటికీ కోసి నట్టును పట్టుకొనుట తప్పదు. బరువును మోయునవి ఆ యంచులే గనుక వానిని కోయరాదు. పని కాగానే ఆ కిటికీని మూయించవలెను.

పాత జీపులున్నవారు క్రొత్త బోల్టు కొనుటకు ముందు కొంచెము ఆగవలెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అమెరికాలో పుట్టి, పిమ్మట మన దేశమున మహీంద్రావారు కూర్చి అమ్మిన విల్లీస్ జీపుల సంతతిలో అంగుళపు కొలత మరలు కలవు. నేటి అంగళ్ళలో దొరకునవి ఎక్కువగ మిల్లీమీటరు మరలు. ఇవిగాక 1841లో ఇంగ్లండున జోసెఫ్ విట్‌వర్తు ఏర్పఱచిన 55 డిగ్రీల మర ఒకటి పాత బ్రిటిషు సామానులలో నున్నది. అమెరికా, బ్రిటన్, కెనడా దేశములు 1948లో అంగీకరించిన ఉమ్మడి మరకు కోణము 60 డిగ్రీలు. అంగుళములో పదునాఱింట అయిదు వంతుల బోల్టు ఈ రెండు పద్ధతులలోను అంగుళమునకు 18 చుట్లే కలిగియుండును. అదియు 8 మిల్లీమీటర్ల బోల్టును చూపునకు కవలలవలె నుండును. తప్పు బోల్టు రెండు చుట్లు చక్కగ ఎక్కి మూడవదానికి బిగియును. అంగడివాడు “కొంచెము బిగువు, పానా వేయుడు, పోవును” అనును. అది పోవును, పోయి మఱల రాదు. చేతితో కనీసము నాలుగైదు చుట్లు ఎక్కని బోల్టును పానాతో ఎక్కింపరాదు.

బోల్టు తలమీద అంకెలు చదువుట ప్రతి రైతును నేర్వదగినది. 8.8 అని యున్నచో ఆ ఉక్కు చదరపు మిల్లీమీటరునకు 800 న్యూటనుల లాగుడునకు తెగునని, అందులో నూటికి 80 వంతులవఱకు సాగిపోక నిలుచునని యర్థము. 12 మిల్లీమీటర్ల 8.8 బోల్టు సుమారు 6,800 కిలోల లాగుడునకు తెగును. 4.6 గుర్తుగల బోల్టు అందులో సగమునకే తెగును. అంగుళపు బోల్టులపై అంకెలకు మాఱుగ గీతలుండును; మూడు గీతలు ఒక తరగతి, ఆఱు గీతలు అంతకంటె గట్టిది. చట్రమునకు, కమానునకు, కొక్కెమునకు గుర్తులేని బోల్టు వేయరాదు. తుప్పుపట్టదని స్టెయిన్‌లెస్ బోల్టు వేయుదమని కొందఱకు తోచును. అంగడిలో సాధారణముగ దొరకు స్టెయిన్‌లెస్ బోల్టు 700 న్యూటనులకే తెగును. పైగా దాని మరలు ఒకదానినొకటి కొఱుకుకొని పట్టుకొనుటయు కలదు. బరువు మోయుచోట మేము దానిని మెచ్చము.

క్రొత్త బోల్టు మరలకు రాగిపొడి లేక గ్రాఫైటు కలిపిన ముద్దను పలుచగ పూసి ఎక్కింపవలెను. ఆ జిడ్డుచే రాపిడి తగ్గును గనుక ఎప్పటియంత బలముతో బిగించినచో బోల్టు మితిమీఱి సాగును. సుమారు నాలుగవ వంతు బలము తగ్గింపవలెను. చక్రపు నట్లకు మాత్రము బండి పుస్తకములో చెప్పిననే తప్ప ఏ జిడ్డును పూయరాదు. బయటికి పొడుచుకొని వచ్చిన తోకకు గ్రీజు దట్టముగ పట్టించి మూయవలెను. మఱల విప్పుదినమున ఆ గ్రీజే మనలను కాపాడును. పలాస మీదుగ పోవు హౌరా–చెన్నై రైలుదారి పనివారినుండి మనము నేర్చుకొనదగిన దొకటి కలదు. పట్టాల కీళ్ళున్నచోట, వర్షములు వెళ్ళిన పిమ్మట ఏటికొకమాఱు ఆ కీళ్ళ బోల్టులను విప్పి, గ్రాఫైటును కిరసనాయిలును కలిపిన ముద్దను కీలునకు, నల్లనూనెను బోల్టులకు పట్టించి మఱల బిగించుట వారి నియమము. విఱిగినపిమ్మట కాదు, బాగుగ నున్నప్పుడే విప్పుదురు. తొట్టి కమాను బోల్టులు పదునాఱో ఇరువదో యుండును. సంక్రాంతికి ముందు ఒక పూట చాలును. సముద్రపు ఇసుకలోనికి, ఉప్పుమళ్ళలోనికి పోయివచ్చిన దినమున తొట్టి క్రిందిభాగమును మంచినీటితో కడిగినచో ఆ పూటయు సగమగును.

ఈ పనిముట్లన్నియు ఒక్కొక్కరు కొనుట దండుగ. ఆఱు మూలల రింగు పానాలు, ఎడమచుట్టు డ్రిల్లులు, 8 మొదలు 16 మిల్లీమీటర్లవఱకు ట్యాపులు, మరకొలత పలకలు రెండు, ఒకటి మిల్లీమీటరులకు ఒకటి అంగుళములకు, మంచి సెంటరు పంచి ఒకటి, కంటి అద్దములు రెండు జతలు: ఇంతమాత్రము సంఘము కొని గిడ్డంగిలో నుంచి, పుస్తకమున వ్రాసికొని సభ్యులకు ఎరవిచ్చుట మంచిదని మా యభిప్రాయము. మొన పోయిన డ్రిల్లును సాన పట్టించి తిరిగియిచ్చుట తీసికొన్నవాని బాధ్యతగ నుండవలెను. బోల్టు మార్చినవారు దాని కొలతను, మర ఏ పద్ధతిదో దానిని, తూటు ప్రక్కను చట్రముమీద తెల్లరంగుతో వ్రాసిపెట్టవలెను; మార్చి ఏబది కిలోమీటర్లు బరువుతో నడిచినపిమ్మట అదే పానాతో మఱల ఒకమాఱు బిగువు చూచి, ఆ తేదీని దానిక్రింద వేయవలెను.